తొమ్మిదింటిలోపు డీజే నైట్

దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మాయిల హాస్టళ్ళ గేట్లు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు. సిటీలో పబ్బులు అసలు వేడెక్కేది ఆ తర్వాతే. ఈ సంగతి అందరికీ తెలుసు గానీ, దీనికి ఏదైనా చెయ్యొచ్చని తోచింది మాత్రం యాదలక్ష్మికే.

ఆమెది నకిరేకల్ దగ్గర పల్లె. తండ్రి సైదులు ఎల్‌బీ నగర్ రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. తల్లి అండాలమ్మ కర్మన్‌ఘాట్‌లో అద్దె ఇంటి వరండాలోనే కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతుంది. యాదలక్ష్మి డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరింది. రెండు సార్లు రాసింది, రాలేదు. చివరికి అదే కోచింగ్ సెంటర్‌లో రిసెప్షన్‌లో కుదిరింది. రోజూ వచ్చే అమ్మాయిలను ఆ కౌంటర్ వెనక నుంచి చూస్తుండేది. వారమంతా చదువు. ఆదివారం బట్టలు ఉతుక్కోవడం. ఎక్కడికైనా పోదామని మెట్రో ఎక్కితే, అక్కడ దిగీ దిగగానే వెనక్కి పరిగెత్తాల్సిందే.

ఓ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని స్నేహితురాలు వేదవతితో అంది.

"మనమే ఇక్కడ డీజే నైట్ పెడితే ఏమైతది? అమ్మాయిలకు మాత్రమే. నాలుగింటికి షురూ చేసి ఎనిమిదిన్నరకు బంద్."

"నాలుగింటికి ఎండ కొడతది. నైట్ ఎట్లయితదే?"

"కిటికీలకు నల్ల పరదాలు కడితే అయితది."

మొదటిసారి ఒక డ్యాన్స్ స్కూల్ హాల్‌లో పెట్టింది. టికెట్లు అంటూ ఏమీ లేవు. తన నంబర్‌కు డబ్బులు కొట్టి, ఆ స్క్రీన్‌షాట్ గేటు దగ్గర చూపించాలి, అంతే. తీరా చూస్తే ఒకే స్క్రీన్‌షాట్ ఆరుగురి ఫోన్లలో కనిపించింది. ఎవరు కట్టారో, ఎవరు కట్టలేదో తేలలేదు. వెనక వరుస రోడ్డు మీదికి పోతోంది. యాదలక్ష్మి అందరినీ లోపలికి వదిలేసింది. లోపల కాలు పెట్టే జాగా లేదు. ఆమె జీతంలో సగం ఆ రోజుకే పోయింది. అయినా ఇంటికి వెళ్తుంటే ఆటోలో ఆమె మొహం వెలిగిపోతూనే ఉంది.

"నష్టం వచ్చిందంటివి, మళ్ళ నవ్వుడేంది బిడ్డా?" అన్నాడు సైదులు అద్దంలో చూస్తూ.

"ఎంతమంది వచ్చిండ్రో చూసినవా నాయినా?"

రెండోసారి పెద్దగా చెయ్యాలనుకుంది. ఎల్‌బీ నగర్‌లో రామమోహనరావు గారి ఫంక్షన్ హాల్ అడిగింది. ఆయన ముందు నెమ్మదిగా విని, అడ్వాన్స్ ఇప్పుడు, మిగతాది ఈవెంట్‌కు నాలుగు రోజుల ముందు ఇవ్వాలన్నారు. ఈసారి స్క్రీన్‌షాట్ల గోల వద్దు, స్కాన్ చేసే అసలైన టికెట్లు కావాలి. దానికి ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్మే యాప్ కావాలి. ఏ యాప్?

కోచింగ్ సెంటర్ పాత విద్యార్థి కార్తీక్ ఇప్పుడు మాదాపూర్ వైపు పబ్బుల్లో పార్టీలు ప్రమోట్ చేస్తుంటాడు. వాళ్ళ కుటుంబం గుడివాడ నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడింది. ఫోన్ చేస్తే ఒక యాప్ పేరు చెప్పాడు.

"టికెట్‌కి పాతిక రూపాయలు, అంతే. దానికన్నా చవక ఎక్కడా లేదు. కళ్ళు మూసుకుని తీసుకో."

యాదలక్ష్మి కళ్ళు మూసుకోలేదు. ఆ యాప్‌తో పాటు అందరి ఫోన్లలోనూ ఉండే పెద్ద యాప్, ఎవరో కొత్తగా పెట్టిన చిన్న యాప్, మూడింటిలోనూ ఉత్తుత్తి ఈవెంట్ ఒకటి తయారు చేసింది. టికెట్ రెండు వందలు. వేదవతిని పక్కన కూర్చోబెట్టి, కొనుక్కోమంది.

పెద్ద యాప్‌లో మొదటి పేజీలో రెండు వందలే ఉంది. పేరు, ఫోన్ నంబర్ అన్నీ కొట్టాక చివరి పేజీలో అది రెండు వందల ముప్పై ఆరైంది. వేదవతి ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

"నేనైతే ఇక్కడ్నే వెనుకకు పోత. గా ముప్పై ఆరుకు ప్లేట్ పునుగులు వస్తయి."

ఆ ముప్పై ఆరు కాక, యాదలక్ష్మికి రావాల్సిన రెండు వందల్లోంచి పది శాతం కూడా పెద్ద యాప్ ఉంచుకుంటుంది. మిగిలింది ఈవెంట్ అయిన వారానికి చేతికొస్తుంది. కార్తీక్ చెప్పిన యాప్‌లో పాతిక రూపాయలే, కానీ డబ్బులు అక్కడా ఈవెంట్ అయ్యాకే. చిన్న యాప్ అన్నీ కలిపి ఏడు శాతం, అంటే పద్నాలుగు రూపాయలు, కొనేవాళ్ళ దగ్గరే తీసుకుంటుంది. ఏ రోజు అమ్మిన టికెట్ల డబ్బు ఆ మర్నాడే పంపిస్తుంది.

సాయంత్రం కార్తీక్ కొత్తపేటలో టీ తాగడానికి రమ్మంటే వెళ్ళి ఇదంతా చెప్పింది.

"అన్నా, మీ టికెట్ ఎంత ఉంటది?"

"పదిహేను వందలు."

"గదే మరి. పదిహేను వందల్లో పాతికంటే మీకు లెక్కనే కాదు. ఏడు శాతమైతే నూటఐదు పోతయి. నాకు ఉల్టా. రెండు వందల టికెట్ మీద పాతిక నాకు ఎక్కువ, పద్నాలుగే నయం."

కార్తీక్ టీ గ్లాసు కింద పెట్టాడు. "అవును కదా. నేను నా టికెట్ చూసుకుని చెప్పాను నీకు. కానీ పెద్ద యాప్‌లో పెడితే ఊరందరికీ కనిపిస్తావు. ఆ పది శాతం దానికే. చిన్న యాప్‌లో నిన్ను ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడొద్దు. లింక్ ఉన్నోళ్ళే కొనాలె. ఊరందరికీ కనపడితే గేటు కాడ మొగపిల్లలే నిలబడతరు."

కార్తీక్ గట్టిగా నవ్వాడు. "అయితే తీసుకో. మాకు జనం రావాలి, నీకు జనం రాకూడదు. ఇలాంటి ప్రమోటర్ని నేనెప్పుడూ చూడలేదు."

లింక్ హాస్టళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో పడిన రోజు యాదలక్ష్మి మెట్రోలో నిలబడి ఉంది. ఫోన్ ఒకసారి మోగింది. చైతన్యపురి దాటేసరికి ఆగకుండా మోగుతోంది. విక్టోరియా మెమోరియల్ దగ్గరకి వచ్చేసరికి పక్కన కూర్చున్నావిడ, "అన్నీ మంచి వార్తలేనా అమ్మా?" అని అడిగింది. యాదలక్ష్మి తల ఊపింది. వారంలోపే నాలుగు వందల టికెట్లూ అయిపోయాయి. రోజూ వచ్చిన డబ్బును అలాగే తీసుకెళ్ళి రామమోహనరావు గారికి, సౌండ్ సిస్టమ్ వాళ్ళకు కట్టేసింది.

దెబ్బ ఆ తర్వాత తగిలింది. దిల్‌సుఖ్‌నగర్‌లో అన్నిటికన్నా పెద్ద హాస్టల్ ఉదయలక్ష్మిది. ఆవిడది తెనాలి. భర్త పోయాక ఒంటరిగా హాస్టల్ పెట్టి నిలదొక్కుకున్న మనిషి. టికెట్ మీద 'డీజే నైట్' అని చూసి, తన పిల్లలెవరూ వెళ్ళకూడదని నోటీసు అంటించింది. దాన్ని చూసి పక్క హాస్టల్ వాళ్ళూ అంటించారు. మధ్యాహ్నానికి డబ్బు వాపసు అడిగే మెసేజ్‌లు మొదలయ్యాయి.

అప్పుడు యాదలక్ష్మికి తను చూడని సంగతి ఒకటి అర్థమైంది. డబ్బు యాప్ దగ్గరే ఉంటే అక్కడి నుంచే వెనక్కి పోయేది. రోజూ చేతికొచ్చింది కాబట్టి, ఇప్పుడు తన చేతి నుంచే పోవాలి. ఆ చేతిలో ఏమీ లేదు. పైగా యాప్ తీసుకున్న పద్నాలుగు రూపాయలు ఎటూ తిరిగి రావు.

"ఏం జేస్తవే?" అంది వేదవతి.

"పోయి మాట్లాడత." అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

ఉదయలక్ష్మి హాస్టల్ వంటింట్లో కూరగాయలు తూకం వేయించుకుంటోంది. యాదలక్ష్మిని కూర్చోమని కూడా అనలేదు.

"నైట్ అని రాస్తావు, సాయంత్రం అంటావు. ఏంటమ్మా ఇది? రేపు ఎవరికైనా ఏదైనా అయితే ఊళ్ళో తల్లిదండ్రులు నన్నడుగుతారు, నిన్ను కాదు."

"నిజమే ఆంటీ. మీరన్నది తప్పు కాదు."

ఆవిడ వాదన వస్తుందనుకుంది కాబోలు, కాస్త తగ్గింది. "గేటు దగ్గర ఎవరుంటారు?"

"మా అమ్మ."

"లోపల?"

"మీరొచ్చి ఉండుండ్రి ఆంటీ. టికెట్ అక్కర్లేదు."

"ఊరికే నాకెందుకు? ఎలా కొనాలో చూపించు."

మిగిలి ఉన్న టికెట్లు లేవు. వాపసు అడిగినవాళ్ళలో ఒకరిది రద్దు చేసి, ఆ ఒక్కటి తెరిచింది. ఉదయలక్ష్మి కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో అక్షరం కొట్టింది. చివరి పేజీ దగ్గర ఆగింది.

"రెండు వందలన్నావు. ఈ పద్నాలుగు ఎందుకు?"

"ఒక టికెట్ మీద ఒక్కరే వస్తరు ఆంటీ, గందుకు. పేరుతోని వస్తది. లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి స్కాన్ చేస్త. మీ హాస్టల్ పిల్లలు ఎంతమంది లోపలున్నరో, ఎవరు ఎప్పుడు బయటపడ్డరో నా ఫోన్‌ల కనపడతది. మీకు కూడా చూపిస్త."

ఉదయలక్ష్మి డబ్బు కట్టింది. ఫోన్‌లో వచ్చిన టికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత వంటావిడను పిలిచి, నోటీసు తీసెయ్యమంది. అది చూసి పక్క హాస్టల్ వాళ్ళూ తీసేశారు, వాపసు మెసేజ్‌లు ఆగిపోయాయి.

ఆదివారం నాలుగింటికల్లా హాల్ ముందు వరుస కట్టారు. ఫోన్ చూపించడం, బీప్ అనడం, లోపలికి. అండాలమ్మ కుర్చీ వేసుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఇద్దరు అబ్బాయిలు వచ్చి చెల్లెలు లోపలుందన్నారు.

"అయితే ఆమెకు ఫోన్ చెయ్యిండ్రి, బయటికొస్తది," అంది అండాలమ్మ. వాళ్ళు ఫోన్ చెయ్యలేదు.

నల్ల పరదాల వెనక మొదటి పాట పడగానే లోపలి నుంచి వచ్చిన అరుపుకు రామమోహనరావు గారు ఆఫీసు గదిలోంచి బయటికి పరుగెత్తుకొచ్చారు. ఏమీ కాలేదని తెలిశాక అక్కడే నిలబడి తల ఊపుతూ విన్నారు. అందరూ వచ్చేశారని తేలాక అండాలమ్మ కూతురి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"గీ పచ్చ గీత వస్తే సరే అన్నట్టేనా? నాకు ఎరుకైంది. బయటికి పోయేటోళ్ళను నేను చూసుకుంట, నువ్వు లోపలికి పో."

లోపల ఎవరి మొహం ఎవరికీ తెలియడం లేదు. రంగు లైట్లు తిరిగినప్పుడల్లా నాలుగు వందల చేతులు పైకి లేస్తున్నాయి. గోడ పక్కన ఉదయలక్ష్మి తన పిల్లల హ్యాండ్‌బ్యాగులన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాదం మాత్రం నేల మీద తాళం వేస్తోంది. వేదవతి యాదలక్ష్మి మణికట్టు పట్టుకుని మధ్యలోకి ఈడ్చుకుపోయింది. ఆ సాయంత్రం తను పెట్టిన ఈవెంట్‌లో తను కూడా ఎగిరింది, గొంతు పోయేదాకా అరిచింది.

ఎనిమిదిన్నరకు లైట్లు వేశారు. బయట సైదులు, అతని స్నేహితుల ఆటోలు వరుసగా నిలబడి ఉన్నాయి. చివరి అమ్మాయి ఎక్కేదాకా చూసి యాదలక్ష్మి వెనక్కి తిరిగితే, రామమోహనరావు గారు డైరీ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"వచ్చే నెల కూడా ఉంటుందా అమ్మా? ఒక ఆదివారం ఖాళీగా ఉంచనా?"

యాదలక్ష్మి గొంతు అరుపులకే పోయింది. రెండు వేళ్ళు చూపించింది.