పింకీ చేతికిచ్చి పంపిన పాపం

నేను నాలుగో తరగతి చదివే ఆ రోజుల్లో అసూయ పడడానికి నాకు పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. పక్క పిల్ల డబ్బాలో ఉడికించిన గుడ్డు కనిపిస్తే చాలు, నా డబ్బాలోని వంజరం చేప ముక్క చప్పబడిపోయేది. (ఆ పిల్ల నా వంజరం ముక్క చూసి గుటకలు మింగేదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే ఇద్దరం సుఖపడేవాళ్లం.) పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కానీ గుడ్ల మీదా రిబ్బన్ల మీదా పడ్డ చిల్లర అసూయలన్నీ ఒక ఎత్తు, కేటకిజం క్లాసు, అంటే చర్చి పిల్లల మతపాఠాల క్లాసు, దాని మీద పడ్డ అసూయ ఒక్కటీ ఒక ఎత్తు.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో సిస్టర్లు నడిపే బడి. వారానికి మూడు రోజులు, అన్నాల గంట తర్వాత మా తరగతి రెండుగా చీలిపోయేది. చర్చికి వెళ్లే పిల్లలు పదిమందీ లేచి చాపెల్ అనే బడిలోని చిన్న చర్చి పక్కనున్న గదిలోకి వెళ్లేవారు. శ్రీకాకుళం సముద్రం వదిలి వలలతో సహా ఇక్కడికొచ్చిన మా బోటి వాళ్ల పిల్లలమూ, బెంగాలీ పిల్లలూ, తమిళ పిల్లలూ అక్కడే కూర్చుని మోరల్ సైన్స్ చదువుకోవాలి. అందులో ప్రతి పాఠంలోనూ ఒక మంచి అబ్బాయి ముసలమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాడు, వెనక ఐదు ప్రశ్నలుంటాయి. (లంబాలైన్‌లో మా వీధి ముసలమ్మలైతే మమ్మల్నే రెక్క పట్టుకుని దాటించేవారు.) అవతల గదిలోనేమో గిటారు, పాటలు, గొర్రెపిల్లల రంగు బొమ్మలు. అన్నిటికీ మించి ఆ ఏడాది వాళ్లకి ఫస్ట్ కమ్యూనియన్, చర్చిలో మొదటిసారి ప్రసాదం తీసుకునే పండగ. తెల్ల గౌను, తల మీద పూల కిరీటం, చేతిలో కొవ్వొత్తి, ఇంటికెళితే కేకు. ముసలమ్మని ఎన్నిసార్లు రోడ్డు దాటిస్తే మాత్రం మాకవన్నీ వస్తాయి?

అందుకని ఆ పీరియడ్‌లో నాకు తప్పకుండా దాహం వేసేది. కుళాయి ఆ గది కిటికీ పక్కనే ఉండడం నా అదృష్టం. అంత నీళ్లు తాగిన పిల్ల ఆ బడి చరిత్రలో ఉండదు. అలా తాగుతూ తాగుతూనే ‘ప్రణామ్ మరియా’ ప్రార్థన నేర్చేశాను, పది ఆజ్ఞలూ వరసగా నేర్చేశాను, చేసిన పాపం ఫాదర్‌తో చెప్పుకుంటే పోతుందనీ తెలుసుకున్నాను. ఇంట్లో కంచం ముందు చేతులు జోడించి గొణగడం మొదలుపెట్టేసరికి అమ్మకి అనుమానమొచ్చింది.

“ఏటే ఆ సణుగుడు? కూర నచ్చకపోతే సెప్పు.”

“ప్రార్థన. నాకు తెల్ల గౌను కావాలి.”

“తెల్ల గౌనేటే? నాన్న డింగీ పడవ నూని మరకలు పడితే సచ్చినా వొదలవు. ఎర్రది కుట్టిస్తాను, ఊరుకో.”

నాన్నమ్మ మాత్రం నా పక్షమే. “దేముడి మాటేదో సదువుకుంటంది, సదువుకోనియ్యే. మన గంగమ్మేటి కాదంటాదా,” అంది. కానీ గౌను విషయంలో నాన్నమ్మ కూడా అమ్మ వైపే వెళ్లిపోయింది.

ఇక పింకీ గురించి చెప్పాలి. ఆ చర్చి పిల్లల్లో ఒకతి, నా బెంచీలోనే కూర్చునేది. తాతల కాలంలో రాంచీ నుంచి అడవి పనికి వచ్చిన కుటుంబం. నోట్లో నాలుక లేని పిల్ల. మేమిద్దరం మాట్లాడుకునేది హిందీలోనే, మీ కోసం తెలుగు చేసి చెబుతున్నాను. ఒకరోజు పది ఆజ్ఞలూ చూడకుండా చెప్పిన వాళ్లకి సిస్టర్ బహుమతి పెట్టింది. కుళాయి దగ్గర నిలబడి విన్నాను. పింకీ ఆరో దాని దగ్గర ఆగింది, ఎనిమిదో దాని దగ్గర తడబడింది, అయినా మిగతావాళ్లు అంతకంటే అన్యాయం కాబట్టి బహుమతి ఆమెకే వచ్చింది. పన్నెండు రంగుల స్కెచ్ పెన్నుల డబ్బా. కిటికీ ఇవతల నేను పదీ గడగడా చెప్పేశాను. నన్నెవరూ అడగలేదు. న్యాయంగా అది నాది అనిపించింది.

మర్నాటికి ఆ డబ్బా పింకీ సంచిలో లేదు. నా సంచిలో ఉంది. (దొంగిలించరాదు అన్న ఆజ్ఞ చెప్పినందుకు వచ్చిన బహుమతిని దొంగిలించిన ఘనత నాకే దక్కాలి.) పింకీ ఏడుస్తూ వెతుకుతుంటే, బెంచీల కింద దూరి అందరికంటే ఎక్కువ వెతికింది నేనే. ఇంట్లో నాన్న పాత వలల మూట కింద దాచాను. తీరా చూస్తే వాటితో ఒక్క గీత గీయడానికి లేదు. నా పుస్తకంలో ఊదా రంగు పువ్వు కనబడిందంటే దొరికిపోతాను. కాబట్టి రోజూ మూత తీసి వాసన చూసి మళ్లీ పెట్టేసేదాన్ని. పదిహేను రోజులకి వాసన కూడా పోయింది, కడుపులో బెంగ మాత్రం మిగిలింది.

అంతలో కన్ఫెషన్ రోజు, అంటే ఫాదర్‌తో పాపాలు చెప్పుకునే రోజు, దగ్గర పడింది. తమ పాపాలు గుర్తు చేసుకుని చీటీ మీద రాసుకు రమ్మని సిస్టర్ చెప్పిందట. పింకీ ఆ ఖాళీ చీటీ ముందు పెట్టుకుని కళ్ల నీళ్లు పెట్టుకుంది.

“మేరా తో కోయీ పాప్ హీ నహీ హై. ఎంత ఆలోచించినా ఒక్క పాపం కూడా లేదు. ఫాదర్‌కి ఏం చెప్పను?”

ఇక్కడ మా దీవుల అలవాటొకటి చెప్పాలి. వైజాగ్ షిప్పెక్కేవాళ్లు ఎవరైనా సరే, వాళ్ల చేతికి ఊరందరూ మూటలిచ్చి పంపుతారు. మా నాన్నమ్మ ముక్కూ మొహం తెలియని వాళ్లని జెట్టీలో పట్టుకుని, భీమిలిలో ఉన్న చెల్లెలికి ఎండుచేపల మూట అప్పగించేది. అది భద్రంగా చేరేది కూడా. వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపలేనిది ఈ లోకంలో ఉంటుందని నాకు తోచలేదు. పింకీ ఎలాగూ ఫాదర్ దగ్గరికి వెళుతోంది, చేతులు ఖాళీగా ఉన్నాయి. నన్ను ఆ గుమ్మం ఎక్కనివ్వరు. నా దగ్గరేమో సరుకుంది.

“నేను చెబుతాను, రాసుకో,” అన్నాను.

గంగమ్మకి నైవేద్యం పెట్టకముందే కొబ్బరి ముక్క తిన్నాను. లేని దాహం ఉందని టీచర్‌తో చెప్పాను. పిన్ని కూతురి జడ కుర్చీకి కట్టేశాను. పింకీ నాలుక పళ్ల మధ్య పెట్టుకుని ముద్దుగా రాసుకుంది. (గంగమ్మ ఎవరు అంటే, మన సముద్రం దేవత, ఫాదర్‌కి తెలుసులే అన్నాను.) ఆఖర్న గొంతు తగ్గించి, “ఒక అమ్మాయి స్కెచ్ పెన్నులు తీశాను,” అన్నాను. పింకీ అదీ రాసింది. అనుమానమే రాలేదు. నాకు గుండె తేలికైంది గానీ, వెంటనే కుళ్లు కూడా మొదలైంది. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, ఇంత మంచి పాపాలు నావి, కిరీటం ఆమెకి.

శనివారం చాపెల్ మెట్ల కింద కాపు కాశాను. పింకీ వెలిగిపోతున్న ముఖంతో బయటికొచ్చింది.

“అన్నీ పోయాయి. మూడుసార్లు ప్రణామ్ మరియా చెప్పమన్నారు. కానీ తీసిన వస్తువు ఆ అమ్మాయికి తిరిగి ఇచ్చెయ్యాలట. ఆ అమ్మాయి ఎవరు? నా పెన్నులు పోయాయి కదా, మమ్మీని అడిగి కొత్తవి కొనిచ్చేస్తాను.”

ఆ క్షణంలో నా బుర్రలోకి మొదట వచ్చిన పేరు, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాదే. నేనే అంటే రెండో డబ్బా కూడా వస్తుంది. నోటి దాకా వచ్చింది. కానీ పింకీ ఆ చీటీని రెండు చేతులతో పట్టుకుని, చెయ్యని తప్పుకి నష్టం తీర్చడానికి అంత సంతోషంగా నిలబడి ఉంటే, ఆ పేరు మింగేశాను.

“ఆ అమ్మాయి నువ్వే,” అన్నాను. “తీసింది నేను.”

పింకీ నన్ను చూసింది, చీటీని చూసింది. అరుస్తుందనుకున్నాను. ఇక నా పక్కన కూర్చోదనుకున్నాను. ఆమె ముఖం ముడుచుకుని, “అయితే నేను చెయ్యని పాపం చేశానని ఫాదర్‌కి చెప్పాను. అది అబద్ధం కదా,” అంది. మెల్లగా ముఖం విచ్చుకుంది. “అబద్ధం పాపమే కదా. నాకూ ఒక పాపం దొరికింది.” అని గౌను ఎత్తి పట్టుకుని మళ్లీ లోపలికి పరుగెత్తింది.

తిరిగొచ్చాక నా పక్కన మెట్టు మీద కూర్చుని, “నువ్వు కూడా మూడుసార్లు చెప్పెయ్, అయిపోతుంది,” అంది. చెప్పాను. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. “నాకంటే బాగా చెప్పావు,” అంది పింకీ. ఏడాదంతా ఎవరూ అడగనిది ఆమె అడిగింది, విన్నది, బాగుందంది. ఏడుపు ఆపుకోలేకపోయాను. సోమవారం డబ్బా ఇచ్చేశాను. ఆ తర్వాతి ఆదివారం కమ్యూనియన్ ఫోటోలో తెల్ల గౌన్ల పక్కన ఎర్ర గౌనులో మూతి ముడుచుకుని ఉన్నది నేనే. ఏడ్చినంత మాత్రాన అసూయ పోతుందా?

పింకీ ఇప్పుడు డిగ్లీపూర్‌లో నర్సు. పోయిన నెల పోర్ట్ బ్లెయిర్ బస్టాండులో కనబడింది. ఇన్నేళ్లూ మనసులో ఉన్న మాట కదా, ఆ స్కెచ్ పెన్నుల సంగతి కదిపాను.

“ఏ స్కెచ్ పెన్నులు?” అంది.

మొత్తం చెప్పాను. విరగబడి నవ్వింది. “నిజంగానా? నాకేమీ గుర్తులేదు. కమ్యూనియన్ రోజు నువ్వు మా ఇంట్లో మూడు కేకు ముక్కలు తిన్నావు, అదొక్కటే గుర్తుంది.” మర్యాదకి అన్న మాట కాదని ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది. క్షమించడమంటే ఆమె నిజంగానే క్షమించేసింది, ఆనవాలు కూడా ఉంచుకోలేదు. నేనేమో ఆ డబ్బాలో ఏ రంగు పక్కన ఏ రంగు ఉండేదో ఇప్పటికీ చెప్పగలను. డిగ్లీపూర్ బస్సు కదిలే దాకా ఆమె చెయ్యి పట్టుకుని నవ్వుతూనే ఉన్నాను, లోలోపల మాత్రం తొమ్మిదేళ్ల పిల్లలా కుళ్లుకుంటూనే ఉన్నాను.