గీకని గోడ

గోడ బొమ్మలు చూద్దాం రా తాతయ్యా అని మనవరాలు పిలిస్తే ముందు రానన్నాను. గోడ బొమ్మలంటే నాకు యాభై ఏళ్లుగా ఒళ్లు మంట.

ఇరవై ఏళ్ల వయసులో సున్నాలు కొట్టే పనికి పోయేవాణ్ణి. ఉత్సవాలొస్తున్నాయని గుడి మండపానికి సున్నం కొట్టమన్నాడు గుడి ఆఫీసరు, ఊరి పెద్దలు తలూపారు. పైకప్పు నిండా మసిపట్టిన పాత బొమ్మలు. "ముందు గీకెయ్‌రా, లేకపోతే సున్నం పట్టదు" అన్నాడు కాంట్రాక్టరు. ఇనుప రేకు పట్టుకుని నిచ్చెనెక్కాను. ఎదురుగా బొమ్మలో ఒక ఆడమనిషి కళ్లు. చెయ్యి ఆడలేదు. గీకానని అబద్ధమాడి, బొమ్మల మీదే రెండు పూతలు వేసి దిగాను.

నేను బడి మొహం చూడలేదు. సినిమా పోస్టర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆ చదువుతో తర్వాతెప్పుడో ఆ గుడి మీద రాసిన పుస్తకం తెరిస్తే, అజ్ఞానులైన కూలీలు బొమ్మల్ని నాశనం చేశారని ఉంది. అందులో కొట్టమన్న ఆఫీసరు లేడు, తలూపిన పెద్దలు లేరు. కూలీ ఒక్కడే ఉన్నాడు. ఎంత కోపమొచ్చినా లోపల అదే ప్రశ్న: నిజంగానే ఆ బొమ్మలో ఆమెను చంపేశానా?

అమెరికాలో మనవరాలు వాళ్లుండే పిస్కాటవే నుంచి రెండు గంటల ప్రయాణం. మ్యూజియంలో ఒక చిన్న బైజాంటైన్ చర్చి. ఎక్కడో మధ్యధరా సముద్రపు దీవిలో వందల ఏళ్ల నాటి గోడల బొమ్మల్ని ఊడదీసి తెచ్చి, అవే కొలతలతో నిలబెట్టారు.

"అడిగి తెచ్చారా, ఎత్తుకొచ్చారా?"

"తాతయ్యా, ప్లీజ్, స్లోగా!"

"అడగవే."

అడిగింది. ఆ చర్చివాళ్ల అనుమతితోనే తెచ్చామని గైడు ఓపిగ్గా చెప్పిందట. సరే, వదిలేశాను.

ఎడమ గోడ మీద గడ్డాల పెద్దమనుషులు. వాళ్ల ఒళ్లంతా మశూచి మచ్చల్లా తెల్లటి గాట్లు. నాకొకరు చెప్పక్కర్లేదు. సున్నం పట్టాలని ఉలితో కొట్టిన గాట్లవి. కుడి గోడ మీద బిడ్డనెత్తుకున్న తల్లి. ఆమె మొహం మీద ఒక్క గాటూ లేదు.

"ఇటెందుకు లేవో అడుగు."

మనవరాలు అడిగి వచ్చింది. "అటు హామర్ చేసారంట. ఇటు జస్ట్ లైమ్ వేసారంట తాతయ్యా. ఆ లైమ్ కిందే సేఫ్‌గా ఉందంట. పొగ తగల్లేదంట. తర్వాత చిన్న నైఫ్‌తో కొంచెం కొంచెం తీసారంట."

"గీకకపోతే కింద బొమ్మ ఉంటుందా? సరిగ్గా అడుగు."

"ప్రామిస్ చెయ్యను అంటుంది. కానీ చాలాసార్లు ఉంటుందంట. తాతయ్యా, ఎందుకు ఏడుస్తున్నావ్?"

"ఏడుపు కాదే. మెడ పట్టేసింది."

అక్కడి బల్ల మీద కూలబడ్డాను. యాభై ఏళ్లు భుజాన మోసిన సున్నపు తట్ట దించినట్టుంది. ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఆ పిల్లకు మొత్తం చెప్పాను.

"మరి ఆ టెంపుల్‌వాళ్లకి తెలియాలి కదా? ఈమెయిల్ చేద్దాం" అని ఫోన్ తీసింది. ఏ స్తంభాల మధ్య, ఎన్ని పూతలు, అన్నీ చెప్పాను. టైప్ చేస్తూ తలెత్తింది.

"గీకమన్నారు, నువ్వు గీకలేదు. అది కూడా రాయనా?"

"రాయి" అన్నాను. "అదే ముందు రాయి."