కొంగు చాటు తాళంచెవి

చిలకలూరిపేట దాటాక మా బస్సు మిర్చి లారీ వెనక ఇరుక్కుంది. కిటికీ అద్దం మూసేలోపే ఘాటు లోపలికొచ్చి బస్సంతా దగ్గు అందుకుంది. పక్కావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లారీవాణ్ణి తిట్టిపోస్తోంది. అద్దం మూయబోయిన నేను మాత్రం మళ్లీ తెరిచాను. ఆ ఘాటు తగిలితే నాకు ఎస్తేరు మేడమ్ గుర్తొస్తుంది. మనిషి కనపడే దారి ఎలాగూ లేదు, ఆవిడ పేరు చెప్పి నాలుగు కన్నీళ్లయినా రానిద్దామనుకున్నాను.

ఎనభైల చివర్లో గుంటూరు శివారున ఒక కోల్డ్ స్టోరేజీలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. ధర వచ్చేదాకా రైతులు అక్కడ మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దాచుకునేవారు. ఎవరి సరుకు ఏ గదిలో ఉందో చెప్పడానికి యజమాని ముచ్చటపడి కంప్యూటర్ కొన్నాడు. దాన్ని నడిపించేది ఎస్తేరు మేడమ్. బాపట్ల వైపు ఒక పాస్టరుగారి కూతురు, లెక్కల్లో ఎమ్మెస్సీ, నలభై దాటిన మనిషి. చెప్పులు బయట విడవకపోతే ఎంతటివాణ్ణయినా కంప్యూటర్ గది గడప తొక్కనిచ్చేది కాదు. యజమాని కూడా గొణుక్కుంటూ విడిచేవాడు.

రైతుల పట్టిక ఒకటి, సరుకు పట్టిక ఒకటి, గదుల పట్టిక ఒకటి. వాటికి చుట్టరికం కలిపి, అడిగిన రైతు సరుకు చూపించే ప్రోగ్రాం రాయడం నా పని. ఇంటిపేరు చెబితే వెతికేలా రాశాను. నేను కల్పించిన పేర్లతో చక్కగా పరిగెత్తింది. తీరా నిజం రైతులొచ్చేసరికి ఊరు ఊరంతా ఒకటే ఇంటిపేరు, ఇంటికో వెంకటేశ్వర్లు! యంత్రం గుడ్లు తేలేసింది. నేను చల్లటి గదిలో కూర్చుని “వెతుకుతోందండీ” అంటున్నాను. మేడమ్ నా కుర్చీ వెనక్కి లాగింది.

“లే పద్మా. వెళ్లి ఆ వరసలో చివర నిలబడు.”

“ఎందుకు మేడమ్?”

“నీ ప్రోగ్రాం ఎంతసేపు తీసుకుంటదో నీ కాళ్లకి తెలియాలమ్మాయ్.”

కంగారులో చెప్పులు మరిచి ఎండలోకి వెళ్లాను. ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి, “ఏం పిల్లా, నీయెన్ని టిక్కీలు?” అని నవ్వాడు. అరికాళ్లు కాలి తిరిగొచ్చాక మేడమ్ ఒకటే అడిగింది: “వాళ్ల చేతుల్లో ఏముంది?” సరుకు దించినప్పుడు ఇచ్చిన చీటీ ఉంది, దాని మీద ఎవరి నంబరు వారిదే. ఆ నంబరుకు సూచిక కట్టాను. డిక్షనరీలో అక్షరం పట్టుకుని పేజీ తీసినట్టు యంత్రం సూటిగా ఆ రైతు దగ్గరికే వెళ్లింది. వరస చకచకా కదిలింది.

కొన్నాళ్లకు దళారులు మా భుజాల మీదుగా తెరలోకి తొంగిచూడటం మొదలుపెట్టారు. ఏ రైతు దగ్గర ఎంత సరుకుందో ముందే తెలిస్తే రేటు వాళ్లు చెప్పిందే. మేడమ్ నన్ను మిర్చి యార్డుకు తీసుకెళ్లింది. అక్కడ ఇద్దరు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని, ఆ వేళ్ల లెక్కతోనే రేటు చెప్పుకుంటూ బేరమాడుతున్నారు.

“చేతులు అందరికీ కనపడతన్నాయి. ఏ వేలు పట్టుకున్నాడో మాత్రం ఇద్దరికే తెలుసు. మన పట్టికకీ తువ్వాలు కప్పుదాం,” అంది.

పేర్లనూ టిక్కీల లెక్కనూ ఒక రహస్య సంఖ్యతో కలిపి, చూసినా అర్థంకాని అక్షరాలుగా మార్చాం. చీటీ నంబరు మాత్రం కప్పలేదు. వచ్చిన రైతు వివరం ఒక్కటి విప్పితే చాలు కాబట్టి వేగం తగ్గలేదు. ఆ సంఖ్య మేడమ్‌కే తెలుసు. రోజూ పొద్దున్నే ఆవిడ వచ్చి నొక్కితేగాని యంత్రం పలికేది కాదు.

ఒకరోజు యజమాని గడప దగ్గర నిలబడి, “అందరి సరుకూ ఒక కాగితం మీద తీసివ్వండి మేడమ్. సరుకు కొనే పెద్ద పార్టీ అడుగుతోంది,” అన్నాడు.

“అది బయటికెళ్తే రైతు యార్డు గేటు దాటకముందే రేటు పడిపోద్దండి.”

“స్టోరేజీ నాదండి!”

“మిరపకాయలు వాళ్లవండి.”

ఇష్టం లేకపోతే మానేయమన్నాడు, ఆ తాళమేదో చెప్పి మరీ పొమ్మన్నాడు. మేడమ్ బ్యాగు భుజాన వేసుకుంది. “చెప్పే వెళ్తానండి. లేకపోతే రైతులు ఇబ్బంది పడతారు,” అంటూ నా దగ్గరికొచ్చింది. నా కుడిచేతిని పట్టుకుని, పైటకొంగు కప్పి, ఆయన కళ్లెదుటే వేళ్లు నొక్కసాగింది. ఒకటి, మూడు, అన్నీ, మళ్లీ రెండు... ఏడుపు ఆపుకుంటూ గుర్తుపెట్టుకున్నాను. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది.

“తప్పిపోలేదుగా?”

“లేదు మేడమ్.”

“ఇక నీ ఇష్టం పద్మా,” అని గడప బయట చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు యజమాని అదే కాగితం నన్నడిగాడు. నా జీతం రాకపోతే ఇంట్లో పొయ్యి వెలగని రోజులవి. అయినా “చీటీ తెచ్చినోళ్లకే చూపిస్తానండి,” అన్నాను. ఆయన గుడ్లురిమాడు. బయట వరస పెరుగుతోంది, యంత్రాన్ని తెరవడానికి నేను తప్ప గతి లేదు. విసవిసా వెళ్లిపోయాడు. ఆ కాగితం ఎప్పటికీ బయటికి రాలేదు.

ఆ ఒక్క మాట మేడమ్‌కి చెప్పాలని బాపట్ల వైపున్న వాళ్ల ఊరెళ్లాను. ఇల్లు ఖాళీ చేసి తండ్రిని తీసుకుని ఎటో వెళ్లిపోయిందన్నారు. తర్వాత ఎంతమందిని అడిగినా ఆచూకీ దొరకలేదు. నేను నిలబడ్డానని ఆవిడకు తెలియదు. ఇన్నేళ్లయినా ఆ బాధ నాకు తగ్గలేదు. స్టోరేజీ మూతపడింది, కంప్యూటర్ పాతసామాన్లలో పోయింది. ఆ సంఖ్యతో తెరుచుకునేది ఇప్పుడు ఏదీ లేదు.

లారీ పక్కకు తప్పుకుంది. ఘాటు తగ్గింది. పక్కావిడ నా ఒళ్లోకి చూస్తోంది. కొంగు కింద నా కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో నొక్కుకుంటున్నానని అప్పుడు గమనించాను.

“చెయ్యి నొప్పా అమ్మా?” అంది.

“కాదండి. తప్పిపోలేదు కదా అని చూసుకుంటున్నా,” అన్నాను.