నూకరాజు బండి ఏ దేశానిది

ఘనపూర్ చుట్టుపక్కల పాత బండి కొనాలనుకున్నవాడు ముందు లతీఫ్‌కు చూపించాలి. ఇదేమీ ఎవరో పెట్టిన రూలు కాదు, ముప్పై ఏళ్ళుగా నడుస్తున్న అలవాటు. లతీఫ్ మెకానిక్కే, చేతిలో పనితనం ఉన్నవాడే. కానీ ఆయన పేరు పెద్దదైంది బాగుచేయడంలో కాదు, అనుమానించడంలో. కొత్త టైరు చూపిస్తే పాతదానికి నల్లరంగు పూశారేమో అని గోటితో గీకేవాడు. చాయ్‌లో చక్కెర ఎక్కువైతే పాలు విరిగిన సంగతి దాస్తున్నారనేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య మరియం బీ ఒకనాడు బగారా అన్నం వండి పెడితే, ముద్ద నోట్లో పెట్టకముందే "ఏం పలగ్గొట్టినవ్?" అని అడిగాడట. నిజంగానే ఆవిడ ఆ పొద్దున అత్తగారి పింగాణీ గిన్నె పగలగొట్టింది. "ఒక్కసారి నిజమైంది, అంతే, ఇగ జిందగీ అంతా అదే పని" అని మరియం బీ ఇప్పటికీ నెత్తి కొట్టుకుంటుంది.

ఆయన అలా కావడానికి కారణం ఉంది. పంతొమ్మిదేళ్ళ వయసులో ఎవరో పెద్దమనిషి మాట నమ్మి ఒక పాత స్కూటర్ కొన్నాడు. అది దొంగ బండి. నంబరు అరగదీసి కొత్తది కొట్టారు. పోలీసులు అమ్మినవాణ్ణి వదిలేసి కొన్నవాణ్ణి పట్టుకున్నారు. మూడు రోజులు ఠాణాలో ఉంచి, అరికాళ్ళు వాచేదాకా కొట్టారు. బయటికి వచ్చాక లతీఫ్ మొదట నేర్చుకున్న విద్య పెన్సిల్ ప్రింటు. బండి చాసిస్ మీద చెక్కిన నంబరుపై పల్చటి కాగితం పరిచి, పెన్సిల్‌ను వాలుగా పట్టి రుద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి. అరగదీసి మళ్ళీ కొట్టిన నంబరైతే కంటికి దొరకకపోయినా కాగితానికి దొరుకుతుంది. ఆ కాగితాలన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో అంటించి పెట్టుకునేవాడు. బండి ఏ దేశంలో తయారైందో కూడా ఆ నంబరే చెబుతుందని వరంగల్ ఆర్టీవో ఆఫీసులో ఒక గుమాస్తా ఎప్పుడో చెప్పాడు. మొదటి అక్షరం ఎం అయితే మన దేశం, జే అయితే జపాన్. లతీఫ్ జన్మలో జే చూడలేదు. నోటుబుక్కు నిండా ఎం, ఎం, ఎం.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న ఏడాది. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. బడులు బంద్, ఆఫీసులు బంద్. లతీఫ్ దుకాణం ఎదురుగానే సడక్ పక్కన టెంటు వేశారు. పొద్దున నినాదాలు, మధ్యాహ్నం రోడ్డు మీదే వంటావార్పు. లతీఫ్ పూటకోసారి షట్టర్ దించి పోయి టెంటులో కూర్చునేవాడు. తెలంగాణ వస్తుందంటే మాత్రం ఆయన అనుమానపడలేదు. జీవితంలో ఆయన అనుమానించని సంగతి బహుశా అదొక్కటే.

తండాల వాళ్ళకు ఆ సమ్మె రోజులు మరీ కష్టమయ్యాయి. వాల్యా అనే పత్తి రైతు ఉండే తండా ఊరికి ఏడు కిలోమీటర్ల లోపల ఉంది. వానాకాలంలో వాల్యా తల్లి గోరీకి పక్షవాతం వస్తే మంచం మీద మోసుకుని సడక్ దాకా తెచ్చేసరికి సగం రోజు గడిచిపోయింది. దవాఖానలో ప్రాణం నిలబెట్టారు గానీ కుడిచెయ్యి మళ్ళీ లేవలేదు. అప్పుడే వాల్యా అందరి ముందు మాటిచ్చాడు, తండాకు ఒక బండి తెచ్చి తీరతానని. పత్తి మార్కెట్‌కు పోవాలన్నా, మనిషి దవాఖానకు పోవాలన్నా అదే బండి.

వాల్యా బామ్మర్ది ప్రేమ్‌సింగ్ భూపాలపల్లి బొగ్గుగనుల్లో పనిచేస్తాడు. అతనే కబురు తెచ్చాడు. గనిలో నూకరాజు అని ఒక ఫోర్‌మన్ ఉన్నాడు, కాకినాడ దిక్కు మనిషి, పద్నాలుగేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. యంత్రాలు బిగించడానికి వచ్చిన పరదేశపు కంపెనీ ఒకటి తనతో తెచ్చుకున్న పికప్పును పోయేటప్పుడు వేలం వేస్తే ఈయన కొనుక్కున్నాడు. ఇప్పుడు నౌకరీ అయిపోయి సొంతూరు పోతున్నాడు కాబట్టి అమ్ముతానంటున్నాడు.

ఒక మంగళవారం పొద్దున నూకరాజు తనే బండి నడుపుకుంటూ ఘనపూర్ వచ్చి, వాల్యా ఎదురుచూస్తున్న లతీఫ్ దుకాణం ముందు ఆపాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో కళ్ళద్దాల డబ్బా. బండి దిగుతూనే లతీఫ్‌కు దండం పెట్టాడు. లతీఫ్‌కు అనుమానం అక్కడే మొదలైంది. అమ్మేవాడు మెకానిక్‌కు దండం ఎందుకు పెడతాడు?

"మేస్త్రీ గారూ, ముందే చెబుతున్నానండి. ఇది థాయిలాండ్‌లో చేసిన బండి. ఇంజను బంగారం. కానీ స్పేర్లు ఇక్కడ దొరకవు, మద్రాసు నుంచో బొంబాయి నుంచో తెప్పించుకోవాలి. అందుకే ధర తగ్గించి ఇస్తున్నానండి."

వాల్యా ముఖం విప్పారింది. లతీఫ్ ముఖం ముడుచుకుంది. తన సరుకులో లోపం తనే చెప్పే మనిషిని ఆయన ఇంతవరకు చూడలేదు. చిన్న లోపం చెప్పాడంటే వెనక పెద్దదేదో దాస్తున్నాడనుకున్నాడు. నంబరు ప్లేటు చూశాడు. ఏపీ కొట్టేసి టీజీ అని రాసి ఉంది. అప్పట్లో మా దిక్కు అందరూ అలాగే రాసుకున్నారు. "ఆంధ్రాయన బండికి టీజీ ఏంది?" అన్నాడు వాల్యా చెవిలో. ఏపీ అనే ఉంచితే దానికీ ఏదో ఒకటి అనేవాడే.

నూకరాజు తలుపు తెరిచి, కింద అంటించిన చిన్న రేకు చూపించాడు. అందులో థాయిలాండ్ అని ఇంగ్లీషులో ఉంది. "రేకులెవడన్న అంటిస్తడు" అన్నాడు లతీఫ్. నూకరాజు ఓడరేవు ముద్రలున్న కాగితాలు తీసి చూపించాడు. "ముద్దర ఎవడన్న గుద్దుతడు" అన్నాడు లతీఫ్.

చివరికి లతీఫ్ బండి కింద దూరి ప్రింటు తీశాడు. నంబరు శుభ్రంగా ఉంది, ఎవరూ అరగదీయలేదు. కాగితాన్ని వెలుతురులోకి తెచ్చి చూశాడు. మొదటి అక్షరం ఎం.

ఇక ఆయనకు అంతా అర్థమైపోయినట్టే అనిపించింది. బండి మన దేశంలో తయారైందే. పరదేశపు బండి అని ఎందుకంటున్నాడు? ఇక్కడి కాగితాలు అడగకుండా ఉండడానికి. ఎక్కడో వేరే రాష్ట్రంలో కొట్టుకొచ్చి, గనుల కంపెనీ కథ అల్లాడు. పంతొమ్మిదేళ్ళప్పటి అరికాళ్ళ మంట ఒక్కసారి మళ్ళీ పైకి పాకింది.

"వాల్యా, జర దూరం జరుగు. గీ బండి ముట్టకు. థాయిలాండ్ లేదు, గీయిలాండ్ లేదు. గిది మన దేశం బండి. దొంగ బండి."

గట్టిగానే అన్నాడు. ఎదురుగా టెంటులో నలభై మంది కూర్చుని ఉన్నారన్న సంగతి ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు.

టెంటు పనులన్నీ చూసే కట్టయ్య ముందు వచ్చాడు, వెనక మిగతావాళ్ళు. "ఎక్కడిదే నీది?" అని అడిగారు. నూకరాజు దాచకుండా ఊరు చెప్పాడు. ఇంకేం కావాలి? "మా నీళ్ళు పాయె, నౌకరీలు పాయె, ఇప్పుడు తండాలోళ్ళకు దొంగ బండ్లు అంటగట్టుతందుకు వచ్చినవా?" అని మీదికి పోయారు. ఆయన కాగితాలు చూపించబోతే ఎవరో లాగి రోడ్డు మీద పారేశారు. పోలీసులకు పట్టిస్తామన్నారు, బండి తగలబెడతామన్నారు. కడకు కట్టయ్యే మధ్యలో పడి, చెవులు పట్టుకుని మూడు గుంజీలు తీస్తే వదిలేద్దామని తీర్పు చెప్పాడు.

నూకరాజు తీశాడు. మూడోదానికి లేవలేక బంపర్ పట్టుకున్నాడు. కొందరు నవ్వారు. లతీఫ్ నవ్వలేదు గానీ ఆపలేదు. నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, తన కన్ను తప్పలేదన్న గర్వంతో నిలబడ్డాడు. నూకరాజు కాగితాలు ఒక్కొక్కటే ఏరుకుని, దుమ్ము దులిపి, బండెక్కే ముందు ఆయన వైపు తిరిగాడు.

"నేను అబద్ధం చెప్పలేదు మేస్త్రీ" అన్నాడు. ఈసారి గారూ లేదు, అండీ లేదు.

సమ్మె అయిపోయింది. బస్సులు తిరిగాయి, టెంటు మాత్రం రిలే దీక్షలతో అలాగే ఉంది. ఎవరిదో బండి కాగితాల పని మీద లతీఫ్ నోటుబుక్కు పట్టుకుని వరంగల్ పోయాడు. ఆర్టీవో ఆఫీసు ముందు కంప్యూటర్ పెట్టుకుని కూర్చునే ఏజెంటు కిషన్ పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు.

"అన్నా, థాయిలాండ్ బండి నీకెక్కడ దొరికిందే?"

"ఏ థాయిలాండ్? ఎం ఉన్నది కద."

"ఎం ఒక్క మనకే రాసిచ్చిండ్రా? ఎం పక్కన ఏ నుంచి ఈ అక్షరం దాక ఉంటె మనది. ఎల్ నుంచి ఆర్ దాక ఉంటె థాయిలాండ్. గిక్కడ చూడు, ఆర్ ఉన్నది. రెండక్షరాలు చూడాలె అన్నా."

లతీఫ్ ముందు కిషన్‌ను అనుమానించాడు. పక్క దుకాణంలో అడిగాడు. అక్కడా అదే చెప్పారు. అప్పుడు మెట్ల మీద కూర్చుని నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చూశాడు. ఎంఏ, ఎంబీ, ఎంఏ, ఎంసీ. ముప్పై ఏళ్ళలో రెండో అక్షరంతో ఆయనకు పని పడలేదు. పని పడిన ఒక్కనాడు చూడలేదు. చూడకపోవడానికి కారణం కళ్ళు కాదని ఆయనకు తెలుసు. నూకరాజు నోరు విప్పిన క్షణంలోనే, ఆ యాస వినగానే, లోపల తీర్పు రాసేసుకున్నాడు. సినిమాల్లో మన తెలంగాణ మాటను వెక్కిరించిన ప్రతివాడి లెక్కా ఆ ముసలాయన మీద తీర్చుకున్నాడు. లతీఫ్‌కు సిగ్గేసింది. చెప్పలేనంత సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే భూపాలపల్లి బస్సెక్కాడు. గని క్వార్టర్ల వరుసలో పికప్పు దూరం నుంచే కనిపించింది. పక్కన సామాన్లు కట్టిన పెట్టెలు ఉన్నాయి. నూకరాజు గేటు దాకా వచ్చాడు, గొళ్ళెం తీయలేదు. లతీఫ్ వెనక ఎవరైనా ఉన్నారేమోనని సందు ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు.

"ఎంతమంది వచ్చారు?"

"ఒక్కణ్ణే. మాఫీ అడుగుదామని వచ్చిన. మీరు చెప్పింది నిజం. థాయిలాండే. నేనే సరిగ చూడలే."

నూకరాజు గేటు ఊచ గట్టిగా పట్టుకున్నాడు. "ఎవరు పంపారు?" అన్నాడు. "కేసు పెట్టానని ఎవరైనా చెప్పారా? నేనేమీ పెట్టలేదు. వెళ్ళండి."

"ఎవరు పంపలే. ఖుదా కసం."

"ఇక్కడ ఎవరూ లేనప్పుడు చెబితే ఏం లాభం? అక్కడ చెప్పండి. ఆ నలభై మందికీ చెప్పండి."

లతీఫ్ సరే అన్నాడు. తర్వాత వాల్యా గురించి చెప్పాడు. ఆ తల్లి గురించి, మంచం మీద మోసిన సంగతి చెప్పాడు. బండి వాళ్ళకు ఇస్తే బాగుంటుందన్నాడు. నూకరాజు విన్నాడు. గేటు ఊచ మీద చెయ్యి మాత్రం కదలలేదు.

"పాపం" అన్నాడు. నిజంగానే అన్నాడు. "కానీ ఘనపూర్ మనిషికి ఇవ్వను. ఇనుము కింద తూకానికైనా అమ్ముకుంటాను."

లతీఫ్ మధ్యాహ్నానికి తిరిగొచ్చి, ఇంటికి కూడా పోకుండా టెంటు ముందు నిలబడ్డాడు. కట్టయ్య ఉన్నాడు, ఆనాటివాళ్ళు చాలామంది ఉన్నారు. విత్తనాల కోసం ఊళ్ళోకి వచ్చిన వాల్యా కూడా ఉన్నాడు. లతీఫ్ నోటుబుక్కు తెరిచి పట్టుకుని రెండక్షరాల సంగతి మొత్తం చెప్పాడు.

"ఆ ముసలాయన దొంగ కాదు. బండి దొంగది కాదు. తప్పు నాది."

కట్టయ్య మెల్లగా అడిగాడు. "పొద్దుగాల భూపాలపల్లి పోయినవట. ఏమన్న ముట్టిందా లతీఫ్ భాయ్?"

ముప్పై ఏళ్ళుగా స్నేహితుడైనవాడు అడిగిన మాట. లతీఫ్ నోటుబుక్కు కింద పెట్టి, చెవులు పట్టుకుని గుంజీలు మొదలుపెట్టాడు. మోకాళ్ళు పటపటలాడాయి. రెండోదానికే కట్టయ్య లేచొచ్చి ఆయన చేతులు పట్టుకుని ఆపాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వాల్యా ముందుకొచ్చాడు. "లతీఫన్నా, బండి ఇంక ఉన్నదా ఆయన తాన?"

"ఉన్నది వాల్యా."

"మరి పోయి అడుగుదమా?"

"అడిగిన. మనకియ్యడట."

వాల్యా తల ఊపాడు. కోపం లేదు, అదే లతీఫ్‌కు ఎక్కువ కష్టంగా తోచింది.

"ఆయన జాగల ఉంటె నేనైన ఇయ్యను" అని విత్తనాల సంచి భుజాన వేసుకుని తండా బాట పట్టాడు.