తెలుగులో తెరుచుకుని ఇంగ్లీషులో అడిగింది

సికింద్రాబాద్‌లోని మా ఆఫీసులో, ఈ వేసవిలో పోయిన మా సహోద్యోగి కుర్చీలో ఇప్పుడు ఆయన భార్య పద్మగారు కూర్చుంటున్నారు. కారుణ్య నియామకం. ఆమెకు ఇంగ్లీషు రాదని సోమవారం కంప్యూటర్‌ని తెలుగులోకి మార్చాను. తెర మీద అన్నీ తెలుగులో కనిపించేసరికి ఆమె మొహంలో మొదటిసారి కాస్త ధైర్యం చూశాను.

ఈ రోజు పొద్దుటి నుంచి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆమె ఒక నివేదిక టైప్ చేశారు. సాయంత్రం ఫైలు మూయబోతే తెర మీద ఇంగ్లీషులో ఏదో ప్రశ్న వచ్చింది. కంగారులో ఏదో ఒక బటన్ నొక్కారు. సేవ్ కాకుండానే అంతా పోయింది.

"సార్, మీరు తెలుగు పెట్టిండ్రు గద. ఇదేంది, ఇంగ్లీషుల అడిగింది?"

"కంప్యూటర్ భాష మారిస్తే సరిపోదట పద్మగారూ. ఈ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ విడిగా మార్చాలట," అన్నాను. అలా ఎందుకు పెట్టారో చేసినవాళ్లకే తెలియాలి.

ఆమె ఏడవలేదు. ఖాళీ తెర వైపే చూస్తూ అన్నారు: "మా ఆయన సుత గింతే సార్. అన్ని ముచ్చట్లు మంచిగనే చెప్పేటోడు. డాక్టర్ ఏమన్నడని అడిగితే మాత్రం ఇంగ్లీషుల ఏదో అని ఊకుండేటోడు. దవాఖానల షరీక్ చేసి మంచమెక్కించినంకనే నాకు రోగం సంగతి సమజైంది."

భాష మార్చే చోటు వెతికి పట్టుకున్నాను. పై ఆఫీసు అనుమతి ఉంటేనే కుదురుతుందని కంప్యూటర్ చెప్పింది, అదీ ఇంగ్లీషులోనే. ఇంకో దారి తెలిసినవాళ్లు ఈ రాత్రికే చెప్పండి. పొద్దున్నే ఆమె మళ్లీ ఆ తెర ముందే కూర్చోవాలి.