నడుమ నిలవని తెర

ధర్మవరంలో బస్సు దిగి ఒక సందులోకి తిరిగానో లేదో, పట్టుకు రంగులేసే గంగాళం నుంచి లేచిన వేడి ఆవిరి ముక్కుకు తగిలి నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. చీరలు కొనడానికి వెంట వచ్చిన మా ఆవిడ "ఏమైంది?" అని రెండుసార్లు అడిగింది. ఏం చెప్పను! ఆ వాసనకు నాకు చీరలు గుర్తుకురావు. ఒక గాజుపెట్టె, దాని ముందు కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని కూర్చున్న పద్మావతి మేడం గుర్తుకొస్తారు. ఆమె ఈ ఊరి నేతగాళ్ల ఇంటి ఆడబిడ్డ. అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలో, కొలిమిలో మంట ఎట్లా మండుతుందో చెప్పే పాఠాలు ఆమెవి. నా పరిశోధనకు ఆమే గైడు.

కొలిమిలోకి ఒకవైపు నుంచి ఇంధనం, ఎదురువైపు నుంచి గాలి చిమ్ముతారు. రెండు ధారలూ ఢీకొని బాగా కలిస్తే మంట శుభ్రంగా మండుతుంది, లేకుంటే పొగే పొగ. మంట లోపలికి చూడలేం కనుక మేం నీళ్లలో చూసేవాళ్లం. గాజుపెట్టెలో ఎదురెదురుగా రెండు గొట్టాలు, ఒకదాంట్లో ఎర్రనీళ్లు, మరొకదాంట్లో నీలినీళ్లు. ఆ రంగులు మేడం వాళ్ల అన్న అద్దకం షెడ్డు నుంచి వచ్చేవి. ధారలు తగిలినచోట పలచని తెర ఒకటి విచ్చుకునేది. ఎరుపు అంచుల్లో నీలం మెలికలు తిరుగుతూ, సాయంత్రపు మబ్బుల్లా మెల్లమెల్లగా కరిగిపోయేది. చూస్తూ చూస్తూ నేనెక్కడున్నానో మరిచిపోయేవాణ్ణి. కానీ అది వానల్లేని ఏడు. కాలేజీకి ట్యాంకరు వచ్చిన రోజే మాకు ప్రయోగం. అవే నీళ్లు తిప్పి తిప్పి వాడితే కాసేపటికే పెట్టంతా ఊదారంగై ఏమీ కనబడదు. నేను కెమెరా సర్దుకుంటూ కూర్చుంటే మేడం కసిరేవారు. "ఏమప్పా, కండ్లు యాడ పెట్టొచ్చినావు? ముందు నువ్వు చూడు. అది తర్వాత చూస్తాది."

రెండు ధారల వేగం సమానమైతే తెర సరిగ్గా నడుమనే నిలుస్తుందని మేడం తన డాక్టరేటు గ్రంథంలో రాశారు. ఆమె పేరు నలుగురికీ తెలిసింది ఆ మాటతోనే. నాకేమో ఆ పాడు తెర నిలిచి చస్తేగా! ఎర్రగొట్టం వైపు జరిగేది, అక్కడే కాసేపు తచ్చాడేది, మళ్లీ నీలిగొట్టం వైపు తేలిపోయేది. సమీక్షకు వచ్చినవాళ్లు "గొట్టాలు వంకరగా బిగించావు. వచ్చేసారి కూడా ఇట్లాగే తెస్తే రిజిస్ట్రేషన్ రద్దే" అని తేల్చేశారు.

మేడం ఒక పట్టుపోగు తెచ్చి, ఒక గొట్టంలోంచి ఎదుటి గొట్టంలోకి లాగి బిగించి, ఒంటి కన్నుతో చూశారు. పోగు ఎక్కడా అంచులకు తగల్లేదు. వేగాలు తానే మళ్లీ కొలిచారు. తేడా లేదు. తర్వాత ట్యాంకరు వచ్చిన ఉదయం పెట్టె ముందు కూర్చుని, నీళ్లు ఊదారంగయ్యేదాకా రెప్ప వేయలేదు. "ఊగుతాండాది కదప్పా" అన్నారు చివరికి, నిద్రలో మాట్లాడినట్టు.

"దీన్ని వదిలేసి వేరేది రాద్దామా మేడం? మీ పేరు..." అని నసిగాను.

"నోరు మూయ్. నా మొగం చూసి రాస్తావా, పెట్టెలోకి చూసి రాస్తావా?" అని గయ్యిమన్నారు. ఆపైన గొంతు తగ్గించి, "నేను ఫోటోలన్నీ కలిపి సగటు తీసినా. ఎడమకు పోయిందీ, కుడికి పోయిందీ కలిపితే నడుమకే గదా వస్తాది! అది నడుమ నిలిచిందే లేదు. నేనే నిలబెట్టినా" అన్నారు.

చివరి పరీక్ష రోజు, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు సూటిగా అడిగాడు. "మీ గైడు ఒకటి రాశారు, మీరు ఇంకొకటి రాశారు. తప్పెవరిది?" వెనక కుర్చీలోంచి మేడం లేచారు. "నాదే సార్. ఈ పిల్లోడు చూసినాడు, నేను చూడలా." నాకు డాక్టరేటు వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆమె నన్ను ల్యాబుకు పిలిచి, మిగిలిన నీళ్లతో ఇంకొక్కసారి నడపమన్నారు. తెర విచ్చుకుంది, మెల్లగా ఒకవైపు తేలింది. మేడం కళ్లు తుడుచుకున్నారు. పోయిన పేరు కోసమేమోనని నా ప్రాణం ఉసూరుమంది. కాదు. "ఇన్నేండ్లూ నా కండ్ల ముందరే ఇట్లా ఆడుకుంటా ఉండె. ఒక్కదినమన్నా చూడలేదు కదప్పా" అన్నారు.

మేడం ఇప్పుడు లేరు. నేనూ పాఠాలు చెబుతున్నాను. మొన్న ఒక విద్యార్థిని నా గదికి వచ్చి, "సార్, మీరు రాసినట్టు రావడం లేదు" అంది భయం భయంగా. అబద్ధమెందుకు, నాకు ముందు చుర్రుమని కోపమే వచ్చింది. మేడంకీ వచ్చే ఉంటుంది. 'గొట్టాలు సరిచేసుకో పో' అని ఒక్క మాట ఆమె అని ఉంటే నేను మళ్లీ నోరెత్తేవాణ్ణి కాదు. ఆమె పేరు ఆమెకు ఉండిపోయేది, నేను మా ఊరు కుందుర్పికి పోయి వేరుశనగ వేసుకుంటూ ఉండేవాణ్ణి. ఆ ఒక్క మాట ఆమె అనలేదు.

"ఏదీ, చూపించమ్మా" అన్నాను. కుర్చీలోంచి లేచి ఆ అమ్మాయి వెంట ల్యాబుకు నడిచాను.