అన్నకిచ్చిన పచ్చి గిన్నె

మా అన్న మీద పగ తీర్చుకోవడానికి నాకు ఒక ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా కొయ్య ఆరబెడుతూ కూర్చున్నాను.

అన్న అంటే సొంత అన్న కాదు, పెదనాన్న కొడుకు. ఉడుమలైపేట పక్కన మా ఇద్దరి కొబ్బరి తోటలకూ మధ్య ఒకటే గట్టు. నేను కోయంబత్తూరులో పంపుల వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు లేత్ మీద ఇనుము కోసి ఊరికి తిరిగి వచ్చినవాణ్ణి. అన్న ఊరు దాటలేదు. అందుకే ఊరంతా తన చేతి కిందే ఉండాలనుకుంటాడు.

ఏడాదికొకసారి మా వంశంవాళ్ళమంతా ఇలవేల్పుకు బెల్లం పొంగలి పెడతాం. ఆ నైవేద్యానికి ఏ లోహమూ తగలకూడదు, కొయ్య గిన్నెలోనే పెట్టాలి. ఆ గిన్నెను వంశంలో మగవాడొకడు తన చేత్తో చేయాలి. తాతల నాటి గిన్నెను చెదలు తినేసినప్పుడు, లేత్ పట్టినవాడు ఇంట్లోనే ఉండగా వెతుక్కోవడం దేనికని పెద్దలు నన్ను పిలిచారు. నేను ఉబ్బిపోయాను. కొయ్య కోసం అన్నను అడిగితే తన తోటలోంచి పనస దుంగ ఒకటి పంపాడు.

"రెండేండ్లు ఆరిండే కట్టె తమ్ముడా, కండ్లు మూసుకొని కోయి" అన్నాడు.

దొడ్లో పెట్టుకున్న లేత్ మీద కళ్ళు మూసుకునే కోశాను. దుంగ తిరుగుతుంటే ముఖం మీద నీళ్ళు చిందాయి. కొయ్య తెలిసినవాడెవడైనా అక్కడే ఆగిపోయేవాడు. ముప్పై ఏళ్ళు కూలంట్ నీళ్ళలో తడిసిన నాకు ఆ తడి వింతగా తోచలేదు సరిగదా, ఉలి వేడెక్కకుండా మంచిదే అనుకున్నాను. అంచు చుట్టూ వెర్నియర్ పెట్టి కొలిచి, నూనె రాసి, మూడు రోజుల ముందే గుడికి చేర్చాను. ఇనుమును ఈరోజు ఎంతకు కోస్తే రేపూ అంతే ఉంటుంది. కొయ్య కూడా అంతేననుకున్నాను.

పండగనాడు పొంగలి పెట్టగానే పాకమూ నెయ్యీ అడుగులోంచి కారి, పూజ చేసే పెద్దాయన తెల్లపంచె మీద పడ్డాయి. చూస్తే గిన్నె కోడిగుడ్డులా సాగి, అడుగున నిలువునా చీలి ఉంది. ఎవరూ ఏమీ అనకముందే అన్న గొంతెత్తాడు.

"ఇరుంబు తిన్న చేతికి కట్టె అడంగునా? వచ్చే ఏడు నేనే నా చేత్తో చేసి తెస్తా, చూస్తా ఉండండి!"

ఇనుము కోసిన చేతికి కొయ్య లొంగదన్న ఆ మాటకు అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

వారం తర్వాత టీ కొట్టు దగ్గర, అన్న తోటలో పనిచేసే ఆయన నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు. "పండగకు ఎనిమిది దినాల ముందు నేనే కొట్టిన చెట్టు సామీ అది. మీకు చెప్పొద్దనిరి."

అన్న అలా ఎందుకు చేశాడో నేను ఎవరినీ అడగలేదు. పెద్దలు తనను కాకుండా నన్ను పిలిచారు. అన్నకు ఆ కారణం చాలు. నాకూ ఆ కారణం చాలు. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అనుకుంటూ లేచి వచ్చాను.

మదురైలో ఉయ్యాల కాళ్ళకు తరిణె పట్టే, అంటే కొయ్యను లేత్ మీద తిప్పి నునుపు చేసే ముసలాయన ఒకరున్నారు, మన తెలుగు భాషే. బస్సెక్కి ఆయన దగ్గరికి పోయాను. చీలిన గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసి ఆయన నవ్వలేదు. ఆ ఒక్కదానికే ఆయన కాళ్ళకు మొక్కాలనిపించింది.

"పచ్చిలోనే కోసుకో నాయినా, మెత్తంగా తెగుతాది. అయితే ముగించొద్దు. గోడ రెండు వేళ్ళ లావు వదిలేయి. పొట్టులో పూడ్చిపెట్టు. తూకం దిగేది నిలిచినంక మళ్ళీ లేత్‌కి ఎక్కించు. దానికి టైం ఇయ్యాల."

ఇచ్చాను. మా తోటలో పనస కొమ్మ కొట్టి, మందంగా ఒక గిన్నె కోసి, పగలకుండా అంచులకు పేడ పూసి, దాని పొట్టులోనే కప్పి గోనెసంచిలో పెట్టాను. ప్రతి శనివారమూ తీసి తూచేవాణ్ణి. మొదట్లో వారానికి వంద గ్రాములు, తర్వాత యాభై, తర్వాత పది. తూకం నిలిచేసరికి ఎనిమిది నెలలు. కొయ్య ఆరింది గానీ నేను ఆరలేదు. తూచిన ప్రతిసారీ ఆ నవ్వులు వినపడేవి. మళ్ళీ లేత్ ఎక్కించి పని ముగిస్తే గిన్నె చక్కగా కుదిరింది. నీళ్ళు పోసి ఒక రోజంతా ఉంచినా చుక్క కారలేదు.

సరిగ్గా పండగకు వారం ముందు అన్న బండి మా దొడ్డివైపు వచ్చి ఆగింది.

"తమ్ముడా, ఒక గిన్నె చేసియ్యి. అయితే నేను చేసినదనే చెప్తా. నీకేమి, నీ పేరు పోయినేడే పోయెగదా" అన్నాడు. సిగ్గు అనేదొకటి ఉంటుందని ఆ మనిషికి ఎవరూ చెప్పినట్టు లేరు.

"సరే అన్నా, రేపు రా" అన్నాను. అంత తీయగా నేనెప్పుడూ మాట్లాడి ఎరగను.

ఆ పూటే ఇంకో పచ్చి కొమ్మ కొట్టాను. కొమ్మ నడిమి బెండు సరిగ్గా గిన్నె అడుగులో పడేలా పెట్టాను. అడుగు లావుగా, గోడ పలచగా కోశాను. గోడ ముందు ఆరుతుంది, అడుగు ఆరదు, రెండూ లాక్కుంటే నడుమ చీలక తప్పదు. చెడ్డ పనికీ పనితనం కావాలి. నూనె, పసుపు దట్టంగా పట్టించి సంచిలో పెట్టి ఇచ్చాను. అన్న దాన్ని చేత్తో ఎత్తి బరువు చూశాడు.

"ఏమిరా, ఇంత కనంగా ఉండాది?"

"చేవ, అన్నా" అన్నాను.

తానే చేశానని చెప్పుకున్నవాడు గిన్నె చీలితే నన్ను వేలెత్తి చూపలేడు. పండగనాడు నేను మొదటి వరసలో నిలబడ్డాను. నా ఆరిన గిన్నె భుజాన సంచిలో ఉంది. పాకం కారగానే దాన్ని తీసి ముందు పెట్టాలి, ఒక్క మాట కూడా అనకూడదు అనుకున్నాను. అన్న గిన్నెను తలకెత్తుకుని మేళంతో వచ్చాడు. పొంగలి పెట్టారు. పెద్దాయన తన పంచెను కాస్త వెనక్కి లాక్కున్నాడు. అడుగు వైపే చూస్తూ నిలబడ్డాను.

ఒక్క చుక్క పడలేదు. గిన్నె నేను కోసినంత గుండ్రంగా ఉంది. పెద్దాయన దాన్ని తట్టి చూసి, "ఇకమీద గిన్నె చేసే వంతు ఈ ఇంటిదే" అనేశాడు. అన్న నా వైపు చూసి మీసం దువ్వుకున్నాడు.

పంక్తిలో కూర్చుంటే వదిన, అన్న భార్య, పొంగలి వడ్డిస్తూ నా ఆకు దగ్గర వంగింది.

"మరిదీ, నేను తేని ఊళ్ళో మా నాయన కట్టె అడితిలో పెరిగినదాన్ని. సంచి విప్పంగానే పచ్చి వాసన తెలిసె. ఆరు దినాలు బియ్యం కడుగునీళ్ళ తొట్టిలో ముంచిపెట్టి, ఈ పొద్దు తెల్లారి తీసి తుడిచిస్తిని. తడి పోకుంటే చీలదు."

నా గిన్నె ఉన్న సంచిని వెనక్కి జరుపుకున్నాను.

"పోయినేడు ఆయన పచ్చి దుంగ పంపినప్పుడూ నాకు తెలుసు. నోరు మూసుకొని ఉంటిని, అది నా తప్పు. మీరిద్దరూ కొట్టుకు చావండి. అమ్మవారి ముద్ద ఏం చేసెను మీకు? ఆయనకు చెప్పలా. ఇంకొకసారి ఇట్ల చేస్తే మటుకు పెద్దలందరికీ చెప్తా" అని ఇంకో గరిటె వడ్డించి పక్క ఆకుకు పోయింది.

మొన్న అన్న మళ్ళీ వచ్చాడు. అటకెక్కించిన పదిరోజులకే గిన్నె రెండు ముక్కలైందట. ఇంకొకటి కావాలట, తాను చేసినట్టే చెప్తాడట. ఇవ్వనంటే ఎందుకివ్వనో చెప్పాలి. మరో పచ్చిది ఇస్తే వదిన వాసన పట్టేస్తుంది. ఎనిమిది నెలలు శనివారం శనివారం తూచి చేసిన ఆ గిన్నెనే తీసి చేతిలో పెట్టాను. అది మా మనవళ్ళ కాలానికి కూడా చీలదు. వచ్చే నెల అన్న దాన్ని తలకెత్తుకుని నడుస్తాడు, ఆ పనితనాన్ని ఊరంతా మెచ్చుకుంటుంది, నేను మొదటి వరసలో నిలబడి దండం పెట్టాలి. అన్నను నేను క్షమించలేదు. వదిననైతే ఈ జన్మలో క్షమించను.